మూలన రెండు గింజలు

కాజాలమ్మ దారాన్ని మైనం ముద్ద మీదుగా మూడోసారి లాగి, ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని, సూది బెజ్జం కోసం వెతుకుతోంది. బెజ్జం ఎప్పుడూ ఉండే చోటే ఉంది. కళ్లే ఈ మధ్య మాట వినడం లేదు. దారం కొసని నాలుక మీద తడిపి, పంటితో కొరికి సన్నం చేసి, నాలుగో ప్రయత్నంలో ఎక్కించింది. ఎక్కించాక ఎవరైనా చూశారేమోనని తలుపు వైపు చూసింది. చూడటమంటే తలెత్తి కాదు. ఆమె మెడ పైకి లేవదు. కళ్లు మాత్రమే కనుబొమల దాకా పాకి, మళ్లీ ఒళ్లో ఉన్న గుడ్డ మీదికి దిగిపోతాయి.

అది కోట్లు కుట్టే దుకాణం వెనకగది. ముందు భాగంలో అద్దాలు, రంగు దీపాలు, తలల్లేని బొమ్మలకి తొడిగిన ఖరీదైన కోట్లు. వెనక భాగంలో ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలతో ఒక పొడవాటి బల్ల, పక్క భవనం గోడని చూస్తూ ఒక కిటికీ, ఒక కుర్చీ, కుర్చీలో ఆమె. మామూలు కోట్లకి గుండీలు పట్టే కాజాలు తీయడానికి మిషను ఉంది. రెప్పవేసేలోగా తీసి పడేస్తుంది. చేత్తో కుట్టిన కాజాయే కావాలని పట్టుబట్టే కొద్దిమంది కోసం ఆమెని ఇంకా ఉంచారు. ముందు గుడ్డని కత్తిరించాలి. తెగిన అంచు చుట్టూ ఒక దారం పరిచి, దాన్ని కప్పుతూ ఒక్కొక్క ముడీ వేసుకుంటూ పోవాలి. కాజాకి అరగంట. తప్పితే విప్పుకుని మళ్లీ కుట్టడానికి వీల్లేదు, గుడ్డ ముందే తెగి ఉంటుంది. ఆ భయంతోనే నలభై ఏళ్లు కుట్టింది. ఆ భయంతోనే ఒక్కటీ తప్పలేదు.

కౌంటరు దగ్గర కూర్చునే ఆయన తలుపులోంచి తల పెట్టాడు.

"కాజాలమ్మా, ఆ నల్లకోటు మూడింటికల్లా కావాలి. ఆయన వచ్చి కూర్చుంటాడు."

"కూర్చోనీ నాయనా. నేను పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నా, అరిగిపోయానా?"

"నువ్వు ఒంటిగంటకి ఆ రెండు ఫోన్లూ ముందేసుకుని కూర్చుంటావు చూడు, అక్కడొస్తోంది చిక్కు."

"ఒంటిగంట నాది. మిగతా రోజంతా నీదేగా, మూట కట్టుకో."

ఆయన నవ్వి వెళ్లిపోయాడు. ఆమె నవ్వలేదు. ఒంటిగంట అనగానే సూది ఆగిపోయింది. మొన్నటి నుంచీ అంతే.

ఎనిమిదేళ్ల కిందటి దాకా ఆమె చొక్కాల ఫ్యాక్టరీలో ఏడో లైనులో ఉండేది. లైనంటే చొక్కా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి జరుగుతూ పోయే మనుషుల వరస. చొక్కా మొత్తం కుట్టడం ఎవరికీ రాదు. కాలరు మాస్టారికి కాలరే వచ్చు. జేబులక్కకి జేబే. ఆమెకి కాజాలు. ఆమె పక్కన కూర్చునే గుండీల పిల్లకి గుండీలు. అసలు పేర్లు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడేవి కావు. ఆ లైనుకి రెండు కట్టుబాట్లు ఉండేవి. ఎవరైనా లేచి వెళ్తే, పక్కమనిషి తన పని చేసుకుంటూనే ఆ మిషను కూడా చూడాలి, లైను ఆగకూడదు. షిఫ్టు దిగే మనిషి తన కత్తెరని మిషను మీద పెట్టి లేవాలి, ఆ తరవాత కూర్చునేవాళ్లు వెతుక్కోకూడదు.

జేబులక్క భారీ మనిషి. కూర్చుంటే కుర్చీ కనపడేది కాదు, నవ్వితే మిషన్ల మోత వినపడేది కాదు. జేబు మూలల దగ్గర మాత్రం అందరిలా ఒక కుట్టు కాకుండా రెండు కుట్లు వేసేది. దారం దండగని సూపర్‌వైజరు కేకలేస్తే, "జేబు చిరిగేది మూలలోనే సార్. మీ జేబుకి చిల్లు పడ్డాక రండి, అప్పుడు మాట్లాడుకుందాం" అనేది. ఎన్ని వందల చొక్కాలు కుప్పపోసినా, మూల మీద బొటనవేలు పెట్టి తడిమితే చాలు, ఏది జేబులక్క చేతిదో కాజాలమ్మ చెప్పేసేది.

ఫ్యాక్టరీ మూసేసిన రోజున, తలుపుకి తాళం పడేలోపు, గుండీల పిల్ల నలుగురి ఫోన్లూ లాక్కుని అందులో పొలం ఆట పెట్టింది. అందరికంటే చిన్నది, ఫోను దాని చేతిలో పుట్టినట్టే ఉండేది.

"ఎక్కడికి పోయినా ఇందులో కలుసుకోవచ్చు. పొలం చేద్దాం."

"పొలం మొహం ఎప్పుడైనా చూశామటే మనం?" అంది జేబులక్క.

"చూడకేం? బస్సు కిటికీలోంచి చూశాం," అన్నారు కాలరు మాస్టారు.

తెరలో చిన్న పెంకుటిల్లు, ఇంట్లో నాలుగు మంచాలు, ఇంటి ముందు నేల. గడ్డిటోపీలు పెట్టుకున్న నలుగురు బొటనవేలంత మనుషులు. వేలితో ఎటు లాగితే అటు నడుస్తారు. పావుగంటలో పొద్దు పొడిచి, పొద్దు వాలుతుంది. కానీ నలుగురూ మంచమెక్కితేనే ఆ రోజు ముగిసి, ఇంకో రోజు తెల్లారుతుంది. ఒక్కరు మెలకువగా ఉన్నా ఎర్రటి సాయంకాలం అలా నిలబడిపోతుంది, ఎన్నాళ్లైనా సరే.

ఆ ఆటలో ఎవరైనా ఏ పనైనా చేయొచ్చు. వీళ్లకది మింగుడు పడలేదు. మొదటిరోజే లైను కట్టేశారు. మాస్టారు పారతో తవ్వాలి. జేబులక్క సంచిలోంచి గింజలు వేయాలి. కాజాలమ్మ నీళ్లు పోయాలి. గుండీల పిల్ల కొడవలితో కోయాలి. "అయ్యో, ఇందులో అలా అక్కర్లేదు మాస్టారూ!" అని ఆ పిల్ల పగలబడి నవ్వితే, "అక్కర్లేకపోతే లైనెందుకమ్మా?" అన్నారాయన. ఆయనకది నిజంగానే అర్థం కాలేదు. ఇంకొకరి పనిముట్టు తాకడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. జేబులక్క అక్కడ కూడా ప్రతి మడికీ నాలుగు మూలల్లో రెండేసి గింజలు వేసేది. రెండో గింజ మొలవదు, ఊరికే పోతుంది. "పోనీలే. మూల గట్టిగా ఉండాలి" అనేది.

నలుగురూ నాలుగు ఊళ్లలో పడ్డారు. రోజూ ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా మాత్రం ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. నిజం ఇళ్లలో ఒంటరిగా పడుకునే మనుషులు, ఆ ఇంట్లో నాలుగు మంచాలూ నిండేలా పడుకునేవాళ్లు.

తరవాత గుండీల పిల్లకి పెళ్లయింది, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు. "అక్కా, వీడు కన్ను మూయనివ్వట్లేదు. నా మిషను కాస్త చూస్తావా?" అని ఆటలోకి వెళ్లే తన రహస్యపు మాట కాజాలమ్మకి చెప్పింది. పక్కమిషను కదా. కాజాలమ్మ పాత ఫోనొకటి కొని, అందులో ఆ పిల్ల బొమ్మని నడపడం మొదలుపెట్టింది. ఎడంచేత్తో నీళ్లు, కుడిచేత్తో కోత. ఆ 'కాస్త'కి నాలుగేళ్లు నిండాయి.

ఆ తరవాత కాలరు మాస్టారు పోయారు. ఆ కబురు చేరిన మర్నాడు ఒంటిగంటకి మాస్టారి బొమ్మ ఎప్పటిలాగే మంచం దిగి, పార భుజాన వేసుకుని, నేల తవ్వడం మొదలుపెట్టింది. ఆయన పక్కమిషను జేబులక్కది. కాసేపటికి ఫోన్లోంచి జేబులక్క గొంతు వచ్చింది.

"ఏమే కాజా, ఏడుస్తున్నావా?"

"లేదక్కా."

"ఏడవకు. మొక్కలకి ఉప్పునీళ్లు పోస్తే చస్తాయే."

అప్పుడు కాజాలమ్మ ఎన్నడూ ఎవరితోనూ అనని మాట ఒకటి అంది. తన నుంచి పోయినవాళ్లెవరూ తనకి చెప్పి పోలేదని. అమ్మ వెనక మంచం మీదే ఉంది, తను గోడవైపు తిరిగి ఇంటికి తెచ్చుకున్న కాజాలు కుడుతోంది. అమ్మ ఊపిరి ఆగిన తరవాత కూడా ఇంకో రెండు కాజాలు కుట్టి, అప్పుడు వెనక్కి తిరిగింది. మొగుడు ఒకరోజు పొద్దున్నే "గొళ్లెం వేసుకో" అన్నాడు. అప్పుడూ సూదిలో దారం ఎక్కిస్తోంది. తలెత్తకుండానే "ఊఁ" అంది. ఆ గొళ్లెం తీయడానికి మళ్లీ అతను రాలేదు. ఇంకెక్కడో ఇంకొకరితో ఉన్నాడని ఏడాది తరవాత తెలిసింది. మాస్టారు పోయే ముందురోజు కూడా ఎనిమిది మళ్లు తవ్వి పడుకున్నారు.

"నేను చెప్పే పోతాలేవే," అంది జేబులక్క. "చెప్పకుండా పోతే నన్నడుగు."

"పోయాక ఎలా అడుగుతానక్కా?"

"అదీ నిజమే," అని ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరూ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఆ రోజు కోయాల్సిన పంట కోయకుండానే పడుకున్నారు.

మోకాళ్లు పూర్తిగా పోయి, చూసే దిక్కులేక జేబులక్క వృద్ధాశ్రమంలో చేరి రెండేళ్లు. నెల దాటింది, ఆవిడ గొంతు ఆఖరిసారి వినపడి. "గొంతు పట్టేసిందే. ఇకనుంచి రాసి పంపిస్తా. నా రాత చూసి నవ్వావో, వచ్చి తంతా" అంది. అప్పటినుంచీ రోజుకొక రాతముక్క వచ్చేది. 'ఏమే కాజా, నీ బొమ్మకి కూడా మెడ వంగిపోయింది చూసుకో.' 'ఏమే, నీళ్లు పోస్తున్నావా, మొక్కల నోట్లో చుక్క వేస్తున్నావా?' 'ఏమే, ఇవాళ కొత్తచీర కట్టావా? నాకు కనపడదనేగా.' అవి చదువుకుని తనలో తనే నవ్వుకునేది. బస్సులో ఇంకోసారి చదువుకునేది.

మొన్న రాతముక్క రాలేదు. మొన్న ఒంటిగంటకి జేబులక్క బొమ్మ నాలుగు మూలల్లోనూ ఒక్కొక్క గింజే వేసింది.

మర్చిపోయి ఉంటుందిలే అనుకుంది కాజాలమ్మ. ముప్పై ఏళ్లలో ఒక్క మూల మర్చిపోని మనిషి. నిన్న కూడా ఒకటే. అలిసిపోయి ఉంటుందిలే అనుకుంది. 'అక్కా, ఏమైంది?' అని రాద్దామని మూడుసార్లు వేలు పెట్టి, మూడుసార్లూ తీసేసింది. అడిగితే జవాబొస్తుంది. అడగనంతసేపూ రాదు. జీవితమంతా ఆమెకి తెలిసిన ఉపాయం అదొక్కటే.

ఒంటిగంటయింది. డబ్బాలో తెచ్చుకున్నది రెండు ముద్దలు తిని మూత పెట్టేసింది. ఫోన్లు రెండూ దారపుండల పెట్టెకి ఆనించింది. ఒకటి తనది, పగిలిన అద్దం మీద అంటించిన టేపు పసుపురంగుకి తిరిగింది. రెండోది గుండీల పిల్ల బొమ్మది.

తెరలో తెల్లారింది. నలుగురూ మంచాలు దిగారు. మాస్టారి బొమ్మ మడి తవ్వుకుంటూ పోయింది. వెనకే జేబులక్క బొమ్మ, భుజాన గింజల సంచి. కాజాలమ్మ నీళ్ల డబ్బా పట్టుకుని గట్టు మీద నిలబడింది. ముందుకి జరగలేదు. మొదటి మూల. ఒకటి. బొమ్మ సాగిపోయింది. రెండో మూల. ఒకటి. కాజాలమ్మ బొటనవేలు తనకి తెలియకుండానే ఒళ్లో ఉన్న నల్లకోటు జేబు మూలని తడుముతోంది. మూడో మూల. నాలుగో మూల దగ్గర బొమ్మ కాసేపు ఆగింది. ఇప్పుడు రెండోది వేస్తుంది అనుకుంది. వేయలేదు. అక్కడే నిలబడి, గట్టు మీదున్న ఈమె వైపుకి తిరిగింది. వాళ్ల మొహాల్లో కళ్లంటే రెండు నల్లచుక్కలు, అంతే. అయినా అవి తనని చూస్తున్నాయనిపించింది.

ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని రాసింది: 'అక్కా, మూలన ఒకటే వేశావేం?'

జేబులక్క బొమ్మ కదల్లేదు. మాస్టారి బొమ్మ కూడా పార పైకెత్తినదల్లా ఆగిపోయింది. రెండూ ఒకే చేతిలో ఉన్నాయి కదా. తరవాత ఫోను మోగింది. జేబులక్క నంబరు. కాజాలమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"అమ్మా, హలో... కాజాలమ్మగారేనా?"

పడుచు గొంతు.

"అక్క నిద్రపోతోందా?" అంది కాజాలమ్మ, అవతలి మనిషికి వేరే జవాబు చెప్పే సందు ఇవ్వకూడదన్నట్టు.

"నేను ఇక్కడ ఆయానండి. మీరు అడిగాకే చెప్పమంది ఆవిడ. ఆవిడ పోయి ఇవాళ్టికి ఇరవై ఐదో రోజమ్మా."

బల్ల మీద సూదులు గుచ్చిన చిన్న దిండు ఉంది. దాన్ని దగ్గరికి లాక్కుని, సూదులన్నీ ఒకే వైపుకి వాలేలా సర్దడం మొదలుపెట్టింది కాజాలమ్మ. ఇరవై ఐదు రోజుల కిందట ఒంటిగంటకి తను ఏం చేస్తోంది? నీళ్లు పోస్తోంది. ఆ రోజు ఏం రాతముక్క వచ్చిందో, దానికి తను ఏమని నవ్విందో గుర్తు రాలేదు. ఏ రోజూ మిగతా రోజులకంటే వేరుగా లేదు.

"మధ్యాహ్నమా?"

"పొద్దున్నేనమ్మా. ఒంటిగంటకి మాత్రం లైను ఆగకూడదంది. ముందే వారం రోజులు నన్ను పక్కన కూర్చోబెట్టి నేర్పించింది. ఈ ఫోన్లో తను, ఆ ఫోన్లో మాస్టారు. మూలన రెండు గింజలు. మర్చిపోతే చెయ్యి మీద ఒకటి పడేది. అప్పటికీ బాగానే కొట్టేదమ్మా."

"మరి ఆ మాటలు... అక్క మాటలేగా అవి?"

"అక్షరం మార్చలేదమ్మా. పడుకుని చెప్తుంటే కాగితం మీద రాసుకున్నా. రోజుకొకటి పంపమంది. ఇరవై రెండు వచ్చాయి. ఇవి అయిపోయాక మూలన ఒకటే గింజ వెయ్యి, నోటితో చెప్పకు, అది తలెత్తదు గానీ కుట్టు మారితే పట్టేస్తుంది, అదే అడుగుతుంది, అప్పుడు చెప్పు అంది. మొన్నటి నుంచీ ఒకటే వేస్తున్నానమ్మా. మీరు అడగలేదు. చూడలేదేమో అనుకున్నా."

"చూశాను," అంది కాజాలమ్మ.

అవతల ఎక్కడో బకెట్టు ఈడుస్తున్న చప్పుడు, ఎవరో ముసలాయన గంట కొడుతున్న చప్పుడు వినపడుతున్నాయి.

"ఇంకొకటుందమ్మా కాగితం మీద. ఇరవై మూడోది. సగంలో ఉందని పంపలేదు."

"చదువు."

ఆ అమ్మాయి కాగితం విప్పి, బడిలో పాఠం చదివినట్టు చదివింది. "ఏమే కాజా, నేను వెళ్లేటప్పుడు నువ్వు."

"ఊఁ?"

"అంతేనమ్మా. అక్కడికి ఆవిడ కళ్లు మూసుకుంది. నిద్రపోయింది కదా, పొద్దున లేచాక అడిగి రాసుకుందాంలే అనుకున్నా."

కాజాలమ్మకి ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననుకుంది. చెప్పే పోతానన్న మనిషి చెప్పడానికి తన చేతనైనంతా చేసింది. మొన్ననే చెప్పింది. విననట్టు నటించింది తనే.

"అమ్మా, ఏమీ అనుకోకండి," అంది ఆయా. "ఆవిడ సామాన్లు ఇవాళ తీసేస్తున్నారు. ఆ మంచం మీదికి సాయంత్రం ఇంకొకావిడ వస్తోంది. ఈ ఫోన్లు కూడా ఆఫీసులో ఇచ్చేయమన్నారు. ఇన్నాళ్లూ నేనే ఏదో ఒకటి చెప్పి ఆపాను."

"మంచిదమ్మా. చాలా చేశావు."

"వీళ్లిద్దరినీ పడుకోబెట్టేసి కట్టేయనా?"

కాజాలమ్మ తెర వైపు చూసింది. పొద్దు వాలుతోంది. మొక్కల నీడలు గట్టు దాకా సాగాయి. "పడుకోబెట్టే ముందు ఆ సంచి భుజం మీంచి తీయించు. మూలన పెట్టించు, గట్టు మీద."

"ఎందుకమ్మా?"

"షిఫ్టు దిగేటప్పుడు అలా పెట్టాలి."

ఆ అమ్మాయికి అర్థమైందో లేదో, అడగలేదు. జేబులక్క బొమ్మ వంగి సంచిని గట్టు మీద పెట్టింది. వెనక్కి తిరిగి, మొక్కలు తొక్కకుండా మడి చుట్టూ తిరిగి, ఇంటివైపు నడిచింది. దాని వెనకే మాస్టారు. వాకిట్లో రెండూ ఒకదానికొకటి అడ్డంపడి కాసేపు తడబడ్డాయి. నెల కిందట నేర్చుకున్న చెయ్యి కదా. తరవాత లోపలికి వెళ్లాయి.

"అయిపోయిందమ్మా," అంది ఆయా. ఆగి, ఎవరూ అడగకపోయినా అంది, "ఆట బాగుంటుందమ్మా. పొద్దున్నే మొక్కలు లేస్తాయి చూడండి, అది. వెళ్లొస్తానమ్మా."

జీవితంలో ఆమెకి చెప్పి పోయిన మొదటి మనిషి ఆ అమ్మాయి. మొహమైనా తెలియదు.

తెర అడుగున ఎప్పటి మాటలే వచ్చాయి. ఇద్దరు పడుకున్నారు, ఇంకా ఇద్దరు పడుకోవాలి. ఆ ఇద్దరూ ఆమె చేతిలోనే ఉన్నారు. నీళ్ల డబ్బాతో ఆమె బొమ్మ, కొడవలితో గుండీల పిల్ల బొమ్మ. పడుకోబెడితే తెల్లారుతుంది. తెల్లారితే కదా, లేవనివాళ్లెవరో తెలిసేది. కాజాలమ్మ వాళ్లిద్దరినీ గట్టు మీదే నిలబెట్టి, ఫోన్లు బోర్లించి, నల్లకోటు ఒళ్లోకి లాక్కుంది.

చెయ్యి వణకలేదు. ఆమెకి భయమేసింది అందుకే. ముడి తరవాత ముడి, ఒకే కొలత, ఒకే బిగువు. అమ్మ పోయిన రోజు కుట్టిన ఆ రెండు కాజాలు కూడా ఇంత బాగానే వచ్చాయని గుర్తొచ్చింది.

మూడింటికి పది నిమిషాల ముందే కోటు ఇచ్చేసింది. కౌంటరాయన వెలుతురులో తిప్పి చూశాడు.

"చూశావా మరి? ఫోన్లు తొందరగా కట్టేస్తే పని ఎంత తొందరగా అయిందో!"

"అవును నాయనా," అంది.

సాయంత్రం బస్టాపులో నిలబడింది. బస్సు నంబరు చదవాలంటే బస్సు తన ముందుకొచ్చి ఆగాలి, అందుకే ఎప్పుడూ అందరికంటే ముందు నిలబడుతుంది. ఇవాళ వెనక నిలబడింది. రెండు బస్సులు పోనిచ్చింది. ఫోను తీసి గుండీల పిల్లకి కలిపింది. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనక పిల్లలు అరుస్తున్నారు, ఏదో గిన్నె కింద పడింది.

"అక్కా! ఎన్నాళ్లైంది! ఒరేయ్ దిగు అక్కణ్నించి... చెప్పక్కా, ఎలా ఉన్నావు?"

"ఉన్నానమ్మా. నీ మిషను..." అని ఆగింది. "నీ కొడవలి జాగ్రత్తగా ఉంది. ఈ పంట గుమ్మడికాయలు పెద్దవి వచ్చాయి."

ఆ పిల్లకి ఒక్క క్షణం పట్టింది. "అయ్యో అక్కా! ఆ ఆట ఇంకా ఆడుతున్నారా మీరు?" అని నవ్వింది, మంచి నవ్వే, ఫ్యాక్టరీలో నవ్విన నవ్వే. "నేను ఎప్పుడో మానేశారనుకున్నా! జేబులక్క కూడానా? బాగుందా?"

కాజాలమ్మ ముందు మూడో బస్సు ఆగింది. మనుషులు ఆమెని తోసుకుంటూ ఎక్కుతున్నారు.

"బాగుంది," అంది. "అందరూ బాగున్నారు. పిల్లల్ని చూసుకో."

గదికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. చెప్పులు విప్పి, గొళ్లెం వేసుకుని, మంచం మీద కూర్చుని, ఫోన్లు రెండూ పక్కపక్కన పెట్టుకుంది. లోపల ఇద్దరు పడుకునే ఉన్నారు. బయట సాయంకాలం మధ్యాహ్నం వదిలినట్టే ఎర్రగా నిలబడి ఉంది. ఆమె నీళ్ల డబ్బా తీసుకుని, ఇందాక పోయాల్సిన మొక్కలన్నిటికీ పోసింది. నాలుగు మూలల దగ్గరా ఆగి, మొలవని రెండో గింజ కూడా అక్కడున్నట్టే, రెండేసి సార్లు పోసింది.

చివరి మూల దగ్గర దారికి అడ్డంగా సంచి ఉంది. తీసి పక్కన పెట్టొచ్చు, భుజాన వేసుకోనూ వచ్చు. ఎవరైనా ఏ పనైనా చేయొచ్చు ఆ ఆటలో. వేలు సంచి దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. అది ఆమె పని కాదు.

సంచి మూతి కట్టి ఉంది. సగానికి పైగా గింజలు ఇంకా ఉన్నట్టు, ఒక పక్కకి ఒరిగి, నిండుగా కూర్చుని ఉంది.